ఓనర్ "ప్రమాణాలు పాటిస్తాం" అంటే అద్దెకున్నవాళ్లకు ఒరిగేదేమిటి?

మీరు అడిగింది ఇదీ: మీ అపార్ట్‌మెంట్ల యాజమాన్యం ఈమధ్య చేతులు మారింది. కొత్తవాళ్లు "మేం వృత్తి ప్రమాణాలు పాటించే సంఘంలో సభ్యులం" అంటూ నాలుగు పేజీల నియమావళి అందరికీ పంచారు. మరోవైపు మీ పడకగది గోడకు చెమ్మ దిగి మూడు నెలలైంది. ఫోన్ చేసిన ప్రతిసారీ "చూస్తామండి" అంటున్నారు. ఆ కాగితానికి విలువ ఉందా, దాన్ని పట్టుకుని అడిగితే పని జరుగుతుందా అన్నది మీ సందేహం.

ఇరవై రెండేళ్లు నేను ఓనర్ల తరఫున అపార్ట్‌మెంట్లు చూసుకునే ఉద్యోగం చేశాను. అలాంటి నియమావళి కింద నేనూ సంతకం పెట్టాను, నా కింద పనిచేసినవాళ్లతో పెట్టించాను. అందుకే సూటిగా చెబుతున్నాను. ఆ కాగితానికి విలువ ఉంది. కాకపోతే అందులో ప్రతి వాక్యమూ మీకిచ్చిన మాట కాదు. ఏ వాక్యం ఎవరికిచ్చిన మాటో విడదీసి చదవడం తెలియాలి.

ఎందుకంటే ఈ నియమావళులు మొదట పుట్టింది అద్దెదారుల కోసం కాదు. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రియల్ ఎస్టేట్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ 1933లో ఏర్పడింది. ఆర్థిక మాంద్యం రోజులవి. భవనాలు చూసుకునే సంస్థల మీద యజమానులకు నమ్మకం పోయింది. అప్పుడు వందలోపు సంస్థలు ఒకచోట చేరి కొన్ని మాటలిచ్చాయి: యజమాని డబ్బును మా డబ్బుతో కలపం, డబ్బు ముట్టుకునే ప్రతి ఉద్యోగికీ పూచీ బాండు (అతను సొమ్ము కాజేస్తే నష్టం పూడ్చే హామీ) ఉంటుంది, ఆ ఆస్తి పేరు మీద మాకు వచ్చే కమీషన్లేవీ దాచం. చూశారా, మూడూ యజమాని జేబును కాపాడే మాటలే. ఇందులో తప్పేమీ లేదు, ఆ వృత్తికి అది మంచి పునాది. కానీ ఇప్పటికీ చాలా నియమావళుల్లో సగం పైగా వాక్యాలు ఆ వరసలోనే ఉంటాయి. "క్లయింటు ప్రయోజనాలను కాపాడతాం" అని రాసి ఉంటే, అక్కడ క్లయింటు అంటే మీరు కాదు, భవనం సొంతదారు.

అద్దెకున్నవాళ్ల రక్షణలు ఎక్కువగా మరో దారిలో, కోర్టుల నుంచీ చట్టాల నుంచీ వచ్చాయి. వాషింగ్టన్‌లో క్లిఫ్టన్ టెర్రస్ అనే అపార్ట్‌మెంట్లలో అద్దె కట్టలేదని కొందరి మీద యజమాని 1966లో కేసు వేశాడు. ఆ భవనంలో గృహ నిబంధనల ఉల్లంఘనలు సుమారు 1,500 ఉన్నాయని అద్దెదారులు చూపించారు. జావిన్స్ కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో 1970లో అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. నగరంలో ఇల్లు అద్దెకు తీసుకునే మనిషి కొంటున్నది నేల మీద హక్కును కాదు, గోడలూ పైకప్పూ నీళ్లూ వెలుతురూ గాలీ సరిగ్గా మూసుకునే తలుపులూ కలిసిన నివాసాన్ని అన్నది ఆ తీర్పు సారం. అగ్రిమెంట్‌లో రాయకపోయినా ఇల్లు నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత అందులో ఉన్నట్టేనని కోర్టు తేల్చింది. ఆ తర్వాత అమెరికాలో చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మీకిచ్చిన నియమావళిలో "నివాసయోగ్యమైన ఇల్లు" అన్న మాట కనిపిస్తే అది వాళ్ల మంచితనం కొద్దీ రాసింది అనుకోకండి. చాలాచోట్ల అది చట్టం ఇప్పటికే వాళ్ల నెత్తిన పెట్టిన బాధ్యత.

ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి. సంఘంలో సభ్యత్వం వేరు, లైసెన్సు వేరు. సభ్యత్వం స్వచ్ఛందం. తప్పు చేస్తే సంఘం మందలిస్తుంది, మహా అయితే తీసేస్తుంది, ఆ తర్వాత కూడా వాళ్లు ఇళ్లు అద్దెకిస్తూనే ఉండొచ్చు. లైసెన్సు పోతే అలా కుదరదు. వేల్స్‌లో 2014 నాటి గృహ చట్టం ప్రకారం ప్రైవేటు ఓనర్లందరూ రిజిస్టర్ చేసుకోవాలి, అద్దె వ్యవహారాలు సొంతంగా చూసుకునేవాళ్లయితే శిక్షణ పొంది లైసెన్సు కూడా తీసుకోవాలి. స్కాట్లండ్‌లో 2006 నుంచి ఓనర్ల రిజిస్టర్ ఉంది, ఎవరైనా అందులో వెతికి చూడొచ్చు. మీరున్న చోట ఇలాంటిది ఉందో లేదో ముందు చూడండి. ఉంటే మీ ఓనర్ పేరు అందులో ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు.

ఇక ఆ నాలుగు పేజీల సంగతి. నేనైతే ఒక పెన్సిల్ పట్టుకుని చదువుతాను. గడువు ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీస్తాను. "వెంటనే స్పందిస్తాం" కింద గీయను, "24 గంటల్లో స్పందిస్తాం" కింద గీస్తాను. "మర్యాదగా వ్యవహరిస్తాం" అంటే సంతోషమే, కానీ అది జరిగిందో లేదో తేల్చేదెవరు? "ఫిర్యాదు అందినట్టు రాతపూర్వకంగా తెలియజేస్తాం" అంటే తేల్చొచ్చు, ఆ కాగితం వచ్చిందా రాలేదా అన్నది కళ్లకు కనిపిస్తుంది. చివరగా, వాళ్లు మాట తప్పితే సంస్థ బయటి మనిషి ఎవరికి చెప్పుకోవాలో రాసి ఉందా అని చూస్తాను. ఫిర్యాదు విని తీర్పు చెప్పేది కూడా ఆ సంస్థ మేనేజరే అయితే, ఆ నియమావళి బలం ఆ మేనేజరు మనసును బట్టే ఉంటుంది.

మీ చెమ్మ విషయానికొస్తాను. దీని గురించి ఎక్కువ చెప్పాలి.

రిపేర్లలో అన్నీ ఒకటి కావు. పద్ధతిగా నడిచే సంస్థ వాటిని మూడు రకాలుగా విడదీస్తుంది. గ్యాస్ వాసన, కరెంటు తీగల నుంచి నిప్పురవ్వలు, నీళ్లు పొంగడం, బయటి తలుపు తాళం పడకపోవడం లాంటివి ప్రాణం మీదికి తెచ్చేవి. వాటికి రాత్రీ పగలూ లేదు. ఒకే ఒక్క టాయిలెట్ పనిచేయకపోవడం, వేడినీళ్లు రాకపోవడం ఒకటి రెండు రోజుల్లో చూడాల్సినవి. అల్మరా తలుపు వదులైతే అది వరసలో ఆగొచ్చు. చెమ్మతో ఉన్న చిక్కేమిటంటే మొదటిరోజు అది మూడో రకంలా కనిపిస్తుంది. మరక చిన్నది కదా అనుకుంటారు. ఆర్నెల్లు పోయేసరికి మొదటి రకంలోకి వెళ్లిపోతుంది.

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. వాళ్లు ఉన్నది హౌసింగ్ సంస్థ ఇచ్చిన ఫ్లాట్. ఇంట్లో పేరుకున్న బూజును ఎక్కువ కాలం పీల్చడం వల్లే శ్వాస దెబ్బతిని చనిపోయాడని 2022లో విచారణ తేల్చింది. బూజు గురించి తండ్రి 2017లోనే చెప్పాడు. దాని మీద పెయింట్ వేసుకోమన్నారు. ఆ బాబు పేరు మీద వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహాలకు, అంటే స్థానిక ప్రభుత్వాలూ ఇలాంటి హౌసింగ్ సంస్థలూ తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకు, అమలవుతున్నాయి. అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో సరిచేయాలి. ఆరోగ్యానికి పెద్ద హాని చేసే స్థాయిలో చెమ్మ, బూజు ఉంటే 10 పనిదినాల్లో వచ్చి పరిశీలించాలి, పరిశీలన పూర్తయ్యాక 3 పనిదినాల్లో ఏం తేలిందో రాసివ్వాలి, 5 పనిదినాల్లో ప్రమాదం లేకుండా చేయాలి. మీరు అక్కడ ఉండకపోవచ్చు. అయినా ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, చెమ్మ విషయంలో సబబైన గడువు ఎంత అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక కొలత ఉండాలి. మూడు నెలల "చూస్తాం" ఏ కొలతలోనూ ఇమడదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. ఒకావిడ ఫోన్ చేసి బాత్రూమ్ గోడ అవతల తడిగా ఉందని చెప్పింది. చేతికందిన కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఏమైందో తెలియదు. ఆవిడ మళ్లీ చేసింది, అప్పుడు ఆఫీసులో వేరే అబ్బాయి ఉన్నాడు, అతనికి మొదటి ఫోన్ సంగతి తెలియదు. రెండు నెలలకు కింది ఫ్లాట్ పైకప్పు పెచ్చు ఊడి మంచం మీద పడింది. అదృష్టం, ఆ సమయానికి మంచం మీద ఎవరూ లేరు. నేనేమీ ఆవిడ మాట లెక్కచేయని మనిషిని కాదు. కానీ ఫిర్యాదుకు నంబరు లేదు, తేదీ లేదు, ఎవరి చేతిలో ఉందో లేదు. ఆ రోజు నుంచి నోటిమాటతో వచ్చిన ఫిర్యాదును కూడా రిజిస్టర్‌లో ఎక్కించి, నంబరు చెప్పాకే ఫోన్ పెట్టేయడం అలవాటు చేసుకున్నాను. వృత్తి ప్రమాణం అంటే నా దృష్టిలో ముఖ్యంగా ఇదే. మనిషి మారినా, మరిచిపోయినా పని ఆగకూడదు.

అందుకని మీరు ఇంతవరకు చేసిన ఫోన్లన్నీ వాళ్ల రికార్డులో లేవనే అనుకోండి. రాసి పంపండి. ఈమెయిలో, వాళ్ల యాప్‌లో మెసేజో, ఏదైనా సరే మీ దగ్గర కాపీ మిగలాలి. ఫొటోలో మరక పక్కన కొలబద్ద పెట్టి తీయండి. వారం తర్వాత అదే చోటు నుంచి మళ్లీ తీయండి. మరక పెరుగుతోందని చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. "మీరు కిటికీలు తెరవరు, బట్టలు లోపల ఆరేస్తారు" అని మీ మీదికి నెట్టే అవకాశం ఉంది. కొన్నిసార్లు అది నిజమే, గాలి ఆడని గదిలో ఊపిరి తేమే గోడకు పడుతుంది. కానీ పైపు లీకైతే మరక ఒకచోట మొదలై అంచులు కట్టి పెరుగుతుంది. తేమ పేరుకున్నదైతే చల్లటి మూలల్లో, అల్మరా వెనక నల్లటి చుక్కలుగా పరుచుకుంటుంది. ఈ తేడా ఫొటోల్లో కనిపిస్తుంది. కారణం ఏదో తేల్చాల్సింది మాత్రం వచ్చి చూసి, ఫోన్‌లో ఊహించి కాదు.

ఒక జాగ్రత్త. కోపంలో అద్దె ఆపేయకండి. కొన్నిచోట్ల చట్టం అందుకు దారి ఇచ్చినా, ముందు నోటీసివ్వడం, ఆ డబ్బు కోర్టులో జమ చేయడం లాంటి షరతులుంటాయి. అవి తెలియకుండా ఆపితే న్యాయం మీవైపున్నా బకాయిదారు మీరే అవుతారు. అలా ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

అడ్వాన్స్ గురించి మీరు అడగలేదు. కానీ యాజమాన్యం మారింది కాబట్టి మీరు వెంటనే అడగాల్సిన ప్రశ్న అదే: పాత ఓనర్‌కు ఇచ్చిన నా అడ్వాన్స్ మీకు బదిలీ అయిందా, అయితే రాసివ్వండి. ఖాళీ చేసే రోజున "అది పాతవాళ్లను అడగండి" అన్న జవాబు వినకూడదు కదా.

అడ్వాన్స్ ఓనర్ సొమ్ము కాదు. లెక్క తేలేదాకా అది మీదే. ఇంగ్లండ్‌లో 2007 ఏప్రిల్ నుంచి, ఎక్కువగా అక్కడ వాడుకలో ఉన్న అద్దె ఒప్పందాల్లో, దాన్ని ప్రభుత్వం ఆమోదించిన పథకంలో భద్రపరచాలి. గొడవ వస్తే ఆ పథకంవాళ్లే ఉచితంగా తీర్పు చెబుతారు. అక్కడ నష్టం జరిగిందని నిరూపించాల్సిన భారం ఓనర్‌దే. మీరు చేరినరోజు గోడ ఎలా ఉందో అతని దగ్గర రికార్డు లేకపోతే, వెళ్లేరోజు గీత ఉందని ఎంత వాదించినా నిలబడదు. కాలిఫోర్నియాలో ఖాళీ చేసిన 21 రోజుల్లో కోతల పట్టీ ఇచ్చి మిగతాది తిరిగివ్వాలి. 2025 నుంచి ఫొటోలు తీయడం కూడా ఓనర్ బాధ్యతే అయింది. భారత ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు అడ్వాన్స్‌ను రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకున్న చోటే చెల్లుతుంది.

కోతల్లో ఎక్కువ గొడవ వాడకం వల్ల వచ్చే అరుగుదల దగ్గర వస్తుంది. మనిషి ఉన్నాక నేల మీద నడక గుర్తులు పడతాయి, ఎండకు రంగు వెలుస్తుంది. దానికి డబ్బు కోయకూడదు. గోడకు పెద్ద రంధ్రం పడితే అది నష్టం, కోయొచ్చు. కానీ ఎంత? ఇక్కడే నిజాయితీ బయటపడుతుంది. పదేళ్లు మన్నే కార్పెట్ ఎనిమిదేళ్లు వాడాక మీ వల్ల పాడైందనుకోండి. మీరు కట్టాల్సింది మిగిలిన రెండేళ్ల విలువ, అంటే ధరలో ఐదో వంతు. కొత్త కార్పెట్ ధరంతా మీ అడ్వాన్స్‌లోంచి తీసుకుంటే, ఓనర్ పాతదాని బదులు మీ డబ్బుతో కొత్తది సంపాదించుకున్నట్టు. నియమావళిలో ఈ లెక్క రాసి ఉంటే ఆ సంస్థ మీద నాకు గౌరవం కలుగుతుంది. చాలావాటిలో ఉండదు, అప్పుడు మీరే అడగాలి.

తాళాల గురించి కూడా అడగండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రతి ఫ్లాట్‌కూ ఆఫీసులో ఒక తాళం చెవి ఉంటుంది. దానికి ఫ్లాట్ నంబరు రాసి ఉన్న బిళ్ల తగిలించి గోడకు వేలాడదీస్తే, అది పోయిన రోజున దొరికినవాడికి దారి చూపించినట్టే. మేము చెవులకు వేరే సంకేత సంఖ్యలు ఇచ్చేవాళ్లం, ఏ సంఖ్య ఏ ఫ్లాట్‌దో చెప్పే పుస్తకం వేరే బీరువాలో ఉండేది. చెవి తీసుకున్న ప్రతివాళ్లూ పేరు, టైము, కారణం రాసి సంతకం పెట్టేవాళ్లు. "నా ఫ్లాట్ చెవి ఎవరెవరి చేతికి వెళ్తుంది?" అని అడిగే హక్కు మీకుంది. ఇంట్లోకి రావాలంటే ముందుగా చెప్పడం కనీస మర్యాద, చాలాచోట్ల చట్టం కూడా. 24 గంటల ముందు రాతపూర్వక నోటీసు అన్నది ఎన్నో దేశాల్లో కనిపించే కొలత, ఇందాక చెప్పిన నమూనా చట్టంలోనూ ఉంది. నీళ్లు పొంగుతున్నప్పుడూ నిప్పంటుకున్నప్పుడూ ఇది వర్తించదు. ఒంటరిగా ఉన్న ఒక అమ్మాయి గదిలో ఉండగా మా ప్లంబర్ తలుపు తట్టి, జవాబు వినకుండానే చెవి తిప్పి లోపలికి వెళ్లిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆ అమ్మాయి ముఖంలో భయం చూశాక, నోటీసు అన్నది కాగితం పని అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కొత్తవాళ్లకు ఇల్లిచ్చేటప్పుడు పాటించే ప్రమాణాలు ప్రస్తుతం మీకు అవసరం లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఏ అర్హతలు చూస్తారో ముందే రాసి ఉంచాలి, అందరికీ ఒకే కొలత వాడాలి. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, మతం లాంటి కారణాలతో నిరాకరించడాన్ని నిషేధించింది, 1988లో వికలాంగులనూ పిల్లలున్న కుటుంబాలనూ అందులో చేర్చారు. "మీలాంటివాళ్లకు ఇవ్వం" అని ఎవరూ నోటితో అనరు, "ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేశాం" అంటారు. రాసిపెట్టిన కొలత ఉంటేనే ఆ మాట నిజమో కాదో పట్టుకోగలం.

మీవైపు నుంచి కూడా కొన్ని ఉన్నాయండి. అద్దె టైముకు కట్టడం అందరికీ తెలిసిందే. అంతకన్నా ముఖ్యమైంది, సమస్య కనిపించగానే చెప్పడం. లీకేజీ చూసి కూడా చెప్పకుండా పెరగనిస్తే ఆ నష్టంలో కొంత మీ మీద పడొచ్చు. పనివాళ్లు వస్తామన్న టైముకు లోపలికి రానివ్వడం కూడా మీ బాధ్యతే. రెండుసార్లు వచ్చి తాళం చూసి వెళ్లిపోయామని వాళ్ల రికార్డులో ఉంటే మీ ఫిర్యాదు బలం తగ్గిపోతుంది.

ఈరోజే వాళ్లకు ఇలా రాసి పంపండి. తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు, ఖాళీలు పూరించుకుంటే చాలు:

"నా పడకగది ఉత్తరపు గోడకు చెమ్మ దిగిందని ఫలానా తేదీ నుంచి ఫోన్‌లో చెబుతున్నాను. మొదటి ఫొటో, ఈనాటి ఫొటో జతచేశాను. మీరు పంచిన నియమావళి ఫలానా పేజీలో రిపేరు ఫిర్యాదులకు ఇంత గడువులో స్పందిస్తామని ఉంది. దయచేసి ఈ ఫిర్యాదుకు నంబరు ఇవ్వండి, ఎవరు ఏ రోజు వచ్చి చూస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. ఫలానా రోజుల్లో ఉదయం నుంచి నేను ఇంట్లోనే ఉంటాను. అలాగే నా అడ్వాన్స్ మీకు బదిలీ అయినట్టు ధ్రువీకరించండి. గడువులోగా స్పందన రాకపోతే నియమావళిలో చెప్పిన పైస్థాయి వ్యక్తికీ, ఇక్కడి గృహ తనిఖీ అధికారులకూ ఈ ఉత్తరం కాపీ పంపుతాను."

గడువు రాసిన వాక్యం ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా కనపడకపోతే ఆ ఒక్క వాక్యం తీసేసి, "నా ఫిర్యాదుకు మీరు పాటించే గడువు ఎంతో చెప్పండి" అని రాయండి. వాళ్ల జవాబు వచ్చాక ఇక్కడే పెట్టండి, తర్వాత ఏం చేయాలో కలిసి చూద్దాం.